జల్లెడ వెనక తొమ్మిదోవాడు

ఆ సాయంత్రం కర్నూలు మిషన్ బడి హాలులో ఉన్నవి: గోడకు ఒక పాత ఫోటో, దానికి నేను కొన్న బంతిపూల దండ, ఆయాసపడుతున్న హార్మోనియం. ఉన్నవారు: బెంచీల నిండా జనం, కొత్త కోటులో బడి కమిటీ పెద్ద దేవదానంగారు, పక్కనే డ్రాయింగు మాస్టరునైన నేను. పావుగంటలో నా పరువు పోబోతోందని నాకు తప్ప ఆ గోడలక్కూడా తెలిసినట్టుంది.

సంగతేమిటంటే, వెనకటి కరువులో ఒక పాదిరి దొర బేస్‌బాల్ అనే అమెరికా ఆట నేర్పి, ఆడినవాళ్ళకు జొన్నలు కొలిచి ఇచ్చేవాడట. కూలికి ఆడారు కనక మా జిల్లాలో వాళ్ళే మొదటి వృత్తి ఆటగాళ్ళు. ఫోటోలో తొమ్మిదిమంది. ఎనిమిదిమంది కాలం చేశారు, వాళ్ళ పేర్లు బంధువులు చెప్పారు. వెనక వరుసలో నిలబడ్డ తొమ్మిదోవాడి మొహానికి మాత్రం బంతి తగలకుండా ఇనుప తీగల జల్లెడ. కోళ్ళ గంపలో పుంజులా ఉన్నాడు.

"ఈళ్ళందరికీ సభ పెడతాండాం, వాని పేరు సరిగ్గా కనుక్కోప్పా. నీ ఉద్యోగం ఖాయం చేస్తా" అన్నారు దేవదానంగారు. నాది అప్పటికి టెంపరరీ.

రోడ్లూ కట్టడాలూ కొలిచే ఓవర్సీరు పరీక్ష ప్యాసైనవాణ్ణి, ఊరికే మనుషుల మాట నమ్ముతానా? ఆనాటి బ్యాటు బడి బీరువాలోనే ఉంది. దాన్ని కొలిచి, ఫోటోలో బ్యాటును కొలిచి, లెక్క కట్టాను. తొమ్మిదోవాడు దాదాపు ఆరడుగులు. ఆ రోజుల్లో చర్చి సంఘంలో అంత పొడుగు ఒక్క సొలోమోనే. డోన్ వెళ్ళి విచారిస్తే, రైల్వే కూలికి పోయి అక్కడే చనిపోయాడని తేలింది.

దేవదానంగారు రోజూ అడిగేవారు.

"ఏమప్పా, దొరికినాడా?"

"దొరికినట్టేనయ్యా. పేరు సభలోనే చెప్తా."

"శానా దూరం తిరుగుతాండావు. ఈడ ఎతకరాదా?"

"ఈడ అంత పొడుగోడు లేడయ్యా."

ఆయన ఉన్న పొట్టి ఎత్తులోనే మెడ సాచి, గడ్డం పైకెత్తి నిలబడేవారు. నాకు అర్థమైతే గదా.

సభలో కీర్తిశేషుడు సొలోమోను పేరు ప్రకటించి, అందరినీ లేపి, రెండు నిమిషాలు మౌనం పాటింపజేశాను. దేవదానంగారు కూడా తలవంచుకుని నిలబడ్డారు. కూర్చున్నాక మెల్లగా అడిగారు.

"సొలోమోను ఎప్పుడు ఆడినాడప్పా? వానికి బంతంటే బయం."

"మరి ఆ జల్లెడలో ఎవరయ్యా?"

"నేను."

హాలంతా మళ్ళీ లేచి నిలబడింది. ఈసారి నేను లేపకుండానే.

"మీరా? లెక్క ప్రకారం ఆరడుగులు రావాలయ్యా."

"ముందోళ్ళ యెనక కనపడనని పాదిరి నన్ను జొన్న మూట మీద నిలబెట్టినాడు. నా పేరు నీ నోట వింటానని కోటు కుట్టించుకొనొస్తే, నా సావుకు నన్నే నిలబెట్టినావు కదప్పా."

ముందు బెంచీలో మొదలైన నవ్వు వెనక బెంచీ దాకా పోయి, మళ్ళీ నా దగ్గరికే తిరిగొచ్చింది.

ఇకమీదట ఏ మనిషి ఎత్తు కొలిచినా ముందు కాళ్ళ కిందేముందో చూస్తాననీ, ఎవరినైనా చంపేముందు వాళ్ళనే ఒక మాట అడుగుతాననీ ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నాను. ఈనాటికీ తప్పలేదు.

ఉద్యోగం ఖాయం కావడానికి పట్టిన కాలం: మరో మూడేళ్ళు.