మైకుగారు గొంతు దాచుకున్న పది రోజులు

మైకుగారికి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో ఇప్పుడు ఆయన్నే అడగాలి. ఊళ్లో ఏ మూల ఫుట్‌బాల్ ఆట జరిగినా గీత పక్కన నిలబడి రెండు జట్లకీ, రిఫరీకీ, ఖాళీ ఉంటే బంతికీ సలహాలు చెప్పే మనిషి. ఆ అరుపులకి నిద్రపోతున్న కుక్కలు లేచి పక్క వీధికి వెళ్లిపోయేవి. అలాంటి మనిషికి గొంతులోనే గడ్డ లేచిందంటే ఆ దేవుణ్ణి ఏమనాలి చెప్పండి! ఇంకెక్కడా చోటే దొరకలేదా?

"స్వరపేటిక తీసెయ్యాలి. ప్రాణానికి ఢోకా లేదు. మాట మాత్రం ఇక రాదు" అన్నాడు డాక్టరు.

మైకుగారు ఏడవలేదు. "ఎన్నాళ్లు ఆగొచ్చు?" అని అడిగారు. ప్రపంచకప్పు టికెట్ల లాటరీలో పన్నెండేళ్లుగా పేరు వేస్తున్నారాయన. తగలక తగలక సరిగ్గా ఆ వారమే తగిలింది. పరాయి దేశంలో ఆట, ఇద్దరికి సీట్లు. డాక్టరు ఆయన వంకా, ఆయన భార్య వంకా మార్చి మార్చి చూశాడు.

"పది రోజులు. అంటే వచ్చే వారం గురువారం. ఒక్కరోజు దాటినా ఒప్పుకోను. అప్పటిదాకా అరవకూడదు."

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మైకుగారు నోరు మూసేశారు. కాగితం మీద రాసి చూపించారు: 'గోల్ పడ్డప్పుడు ఒకే ఒక్క అరుపు. దానికోసం దాచుకుంటున్నా.'

నోట్లో నువ్వుగింజ నానని మనిషి! ముప్ఫై ఎనిమిదేళ్లుగా "కాస్త నోరు మూసుకోండి" అని పోరు పెట్టింది ఆయన భార్యే. తీరా మూసుకున్నాక ఆవిడకి ఇంట్లో ఊపిరాడలేదు. ఆయన అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. 'ఉప్పు తక్కువ' అని రాస్తే, ఈవిడ కళ్లజోడు వెతుక్కుని చదివేసరికి ఆయన భోజనమే అయిపోయేది. బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేది పిచ్చితల్లి. ఈ మనిషిలోంచి మాట తీసేస్తే నాకు మిగిలేదేమిటి? ఇక చచ్చేదాకా చీటీలు చదువుకుంటూ బతకాలా? పగలూ రాత్రీ అదే బెంగ.

ఆ బెంగని కూడా పెట్టెలో సర్దుకుని విమానం ఎక్కింది.

స్టేడియంలో వాళ్ల సీట్లు ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. మెట్లెక్కేసరికి ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. చుట్టూ మనవలున్న పెద్దమనుషులు కూడా మొహాలకి రంగులు పూసుకుని గంతులేస్తున్నారు. మైకుగారు మాత్రం చేతులు కట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నారు.

డెబ్బయ్యో నిమిషంలో ఆయన అభిమానించే నీలం జట్టు గోల్ కొట్టింది. జనమంతా ఒక్కసారి లేచారు. మైకుగారు కూడా లేచి, రెండు చేతులూ పైకెత్తి, దాచుకున్నదంతా పెట్టి అరిచారు. పాత తలుపు కిర్రుమన్నంత చప్పుడు కూడా రాలేదు. వచ్చిన కాస్తా ఆ హోరులో పక్కనున్న భార్యకే వినపడలేదు. ఆయన మొహం వాడిపోయింది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"నేను విన్నానండీ!" అని ఆయన చెవిలో అరిచింది. పచ్చి అబద్ధం. పాపం, అదీ ఆయనకి వినపడలేదు.

ఆయన పెద్ద తెర వైపు వేలు చూపించి పెదాలు కదిపారు. ఆవిడ కెవ్వుమని కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కుంది. 'బల్లి! ఎక్కడండీ?'

మైకుగారు ఒక్కక్షణం బిత్తరపోయి, తర్వాత భుజాలు అదిరేలా నవ్వారు. నిదానంగా మళ్లీ పెదాలు కదిపారు. 'బల్లి కాదే పిచ్చిదానా. మళ్లీ! గోల్ మళ్లీ చూపిస్తున్నారు!'

ఇంత హోరులోనూ ఆయన మాట తనకి అందుతోందని ఆవిడకి అప్పుడు తట్టింది.

వాళ్లిద్దరూ కలిసింది మరమగ్గాల మిల్లులో. ఆయన ఫిట్టరు, ఆవిడ నేత పని. రెండొందల మగ్గాల మోతలో గొంతుతో పని జరగదు కాబట్టి అక్కడ అందరూ పెదాలూ చేతులూ చూసే మాట్లాడుకునేవారు. ఆ భాషలో ఒక్కటే తంటా, ప, బ, మ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆయన నాలుగు మగ్గాల అవతల నిలబడి 'పెళ్లి?' అని అడిగితే, ఈవిడ 'బల్లి' అనుకుని ఎగిరి గంతేసింది. షెడ్డంతా వారం రోజులు నవ్వుకున్నారు. మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు. మోత పోయాక ఆ భాషతో అవసరమే పడలేదు.

ముందు వరుసలో కుర్రాళ్లు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుని గొంతులు చించుకుంటున్నారు. వెనకాల ఈ ముసలివాళ్లిద్దరూ హాయిగా కబుర్లలో పడ్డారు. ఎదుటి బట్టతల మీద కరిగి కారుతున్న రంగు, ఈవిడ మోకాళ్లు, ఇంటి దగ్గర మొక్కలకి పక్కింటావిడ నీళ్లు పోస్తోందో లేదో, అన్నీ వచ్చాయి. ఆ తర్వాత నీలం జట్టు ఏం చేసిందో ఇద్దరికీ తెలీదు.

'భయంగా ఉందా?' అంది ఆవిడ.

'ఉంది. నీకు?'

'పొద్దున్నదాకా చచ్చేంత ఉండేది. ఇప్పుడు లేదండీ' అని ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకుంటే ఆయన సగం మాటలు ఆగిపోతాయని గుర్తొచ్చి వెంటనే వదిలేసింది.

గురువారం రానే వచ్చింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు స్ట్రెచర్ ఆపింది. "పెద్దాయనా, లోపలికెళ్లాక ఇక మాట రాదు. అమ్మగారికి ఏమైనా చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పుకోండి. నేను అటు తిరుగుతాలెండి" అని గోడ వైపు తిరిగింది.

ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఇటు తిరిగి చూస్తే, ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"అయ్యో, ఒక్క మాటైనా మాట్లాడలేదేంటండీ?" అంది నర్సు.

మైకుగారు గొంతు సవరించుకున్నారు. మిగిలిన కాస్త గొంతూ పెట్టి నర్సుతో అన్నారు: "అమ్మాయ్, మా ఆవిడ పొద్దుట్నుంచి టీ తాగలేదు. కాస్త ఇప్పించు తల్లీ."

ఆ గొంతు పలికిన ఆఖరి మాట అదే. తలుపు మూసుకునేదాకా మొగుడూ పెళ్లాలిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.