అద్దాలమేడ మొక్కలు

పెళ్లయి నరసన్నపేట నుంచి విజయనగరం వచ్చిన వారానికి మా అత్త నన్ను తాను పనిచేసే పార్కుకి తీసుకెళ్లింది. అక్కడ ఇనుప చట్రాలకు గాజు పలకలు బిగించిన పొడవాటి గది ఉండేది. ఊళ్లో దాన్ని అద్దాలమేడ అనేవారు. మన ఎండకు, వడగాలికి తట్టుకోలేని ఆర్కిడ్, ఫెర్ను, ఆంథూరియం లాంటి మొక్కలు అందులో పెంచి జనానికి చూపించేవారు. తలుపు తీయగానే తడిమట్టి వాసన ముఖానికి కొట్టింది.

"ఏటలా సూస్తన్నావు? ఆ నీళ్ల గొట్టం అందుకో" అంది అత్త.

ఆ రోజు నుంచి సాయంత్రాలు నేనూ ఆమె వెంటే. మేడ ఎప్పుడు కట్టారో అత్తకీ తెలీదు. తనకు ముందు తన మావగారు అక్కడే నీళ్లు పోశారని మాత్రం గొప్పగా చెప్పుకునేది.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. గాలి తగ్గాక వెళ్లి చూస్తే కప్పులో ఒక్క పలకా మిగల్లేదు. అత్త ఏడుస్తుందనుకున్నాను. కొంగు నడుముకి దోపి, గాజుపెంకుల మధ్య దొర్లిన కుండీలు ఏరడం మొదలెట్టింది.

"ఎండొచ్చిందంటే సచ్చిపోతాయే. పద, నీడున్న ఇళ్లు సూద్దాం."

పై అధికారి సరేనన్నాడు. రిక్షా మీద వీధి వీధీ తిరిగాం. ఒకరి బావి పక్కన రెండు, ఒకరి పెరట్లో నాలుగు. సంగీతం చెప్పే ముసలామె వసారాలో ఒక ఆర్కిడ్.

మళ్లీ కప్పు వేసేసరికి రెండేళ్లయింది. గాజు బదులు ఆకుపచ్చ వల కట్టారు. కుండీలు వెనక్కి అడగడానికి బయల్దేరాం. ముసలామె వసారాలో ఆర్కిడ్ నిండా ఊదారంగు పూలు. మా అత్త కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. అడక్కముందే ముసలామే అంది:

"పట్టుకెళ్లవే. ఇక్కడైతే నానొక్కదాన్నే సూస్తాను. అక్కడ ఊరంతా సూస్తాది."

దాదాపు అందరూ ఇచ్చేశారు. కొందరు ఫెర్ను పిలకలు విడదీసి, తమకొకటి ఉంచుకుని, మాకు రెండిచ్చారు. మేం పంచినవాటికంటే ఎక్కువే తిరిగొచ్చాయి.

వల కింద మొక్కలు బాగానే ఉన్నాయి. గాజు మీద వాన మోగే చప్పుడే లేదు. మబ్బు పట్టినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

అత్త పని మానేసి చాలా కాలమైంది. మొన్న అడిగితే పార్కుకి తీసుకెళ్లాను. కొత్త తోటమాలి మధ్యాహ్నం ఎండలో నీళ్లు పోస్తున్నాడు.

"ఏటయ్యా, ఇదేనా నీళ్లోసే ఏల?" అని కేకేసి, తన చేతికర్ర నాకిచ్చి, గొట్టంలో నీళ్లు కట్టేయడానికి తనే కుళాయి దగ్గరికి నడిచింది.