అక్క దాచిన పని

మా అక్క పదేళ్ళు ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కి ఇల్లు నడిపింది. ఒకరోజు, దేవుడు పిలుస్తున్నాడని, కన్యాస్త్రీల మఠంలో చేరి రోగులకు సేవ చేస్తానని చెప్పింది.

"పిలిచింది దేవుడేనా, మిషన్ మీద విసుగా?" అంది అమ్మ.

"రెండూనేమో అమ్మా."

అబద్ధమాడటం అక్కకు చేతకాదు. మఠంలో మాత్రం ప్రయత్నించింది. ఏం పని వచ్చని మఠం పెద్ద, మదర్ అడిగితే, "ఏమీ రాదండీ" అందట. కుట్టు వచ్చని తెలిస్తే మళ్ళీ మిషన్ ముందే కూర్చోబెడతారని భయం. ఏ పనీ రానిదని ఆసుపత్రి వార్డులో వేశారు. మూడు నెలలు అక్క ముసలివాళ్ళకు ఒళ్ళు తుడిచింది, మందులు మింగించింది. అంత సంతోషంగా ఎప్పుడూ లేనని మాకు ఉత్తరం రాసింది.

ఒకనాడు చిరిగిన గౌనుతో ఒక ముసలమ్మ సిగ్గుపడి ముడుచుకుపోతుంటే అక్క మనసు ఆగలేదు. సూది అడిగి తెచ్చి, అతుకు కనబడకుండా కుట్టేసింది. మర్నాడు మదర్ ఆ గౌను తిరగేసి చూశారు.

"ఏమీ రాదన్నావు కదమ్మా?"

ఇప్పుడు అక్క రెండువందల మంచాలకు దుప్పట్లు కుడుతోంది. మొన్న చూడటానికి వెళ్ళాను.

"వార్డుకు పంపమని అడగొచ్చు కదక్కా?"

"అడిగానే. విధేయత కూడా సేవేనన్నారు." దారం కొరికి నవ్వింది. "ఇంట్లో మిషన్ ఎలా ఉంది?"

"బాగానే తొక్కుతున్నాను."

అక్క వెళ్ళిన వారానికే నన్ను బడి మాన్పించారు. అక్కను పిలిచింది దేవుడని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నన్ను పిలిచింది అమ్మ కాబట్టి ఎవరూ ఏమీ అనరు.