మా ఇంటి వరండాలో అమ్మ మంచం

నాన్న పోయిన మరుసటి ఏడు అమ్మ మాదన్నపేటలోని మా ఇల్లు అమ్మింది. కొన్నాయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా. కొంత బయానాగా ఇచ్చి, మిగతాది నెలనెలా కిస్తుల్లో కడతానన్నాడు. చివరి కిస్తు ముట్టాకే రిజిస్ట్రేషన్ అనీ, మధ్యలో ఆపితే ఇల్లు తిరిగి అమ్మదే అనీ కాగితం రాసుకున్నారు. తాళంచెవులు మాత్రం ఆ రోజే ఇచ్చేశాం. అమ్మా నేనూ ఫలక్‌నుమాలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. నేను అప్పటికే బడిలో పాఠాలు చెబుతున్నాను.

మొదట్లో సరిగ్గానే కట్టాడు. తర్వాత భార్య పురుడన్నాడు, జీతం ఆగిందన్నాడు, చివరికి సాకులు చెప్పడం కూడా మానేశాడు. ఒక ఆదివారం అడగడానికి వెళ్తే మా వాకిట్లో మేస్త్రీలు సిమెంటు కలుపుతున్నారు. వంటింటి మీద గది లేస్తోంది.

"ఏంది సారూ, మాకు కిస్తు ఇయ్యనీకి లేదు గానీ గది కట్టనీకి ఉన్నదా?" అంది అమ్మ.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "నా ఇంట్లో నేనేం కట్టుకుంటే మీకెందుకండీ? కాదంటే కోర్టుకు వెళ్ళండి."

ఆ "అండీ"కి నాకు ఒళ్ళు మండిపోయింది.

కోర్టుకే వెళ్ళాం. ఆయన వాయిదా మీద వాయిదా తీసుకున్నాడు. ఇళ్ళ ధర పెరిగేసరికి ముసలమ్మకు ఆశ పుట్టిందని గల్లీ అంతా చెప్పాడు. కూరగాయల మార్కెట్లో పాత పరిచయస్తులు అమ్మను చూసి చూపు తిప్పుకున్నారు. చివరికి తీర్పు మాకే వచ్చింది. ఆయన కట్టినదాంట్లో ఇల్లు వాడుకున్న కాలానికి అద్దె పోను మిగిలింది మేం వాపసు చెయ్యాలి, ఆయన ఇల్లు ఖాళీ చెయ్యాలి.

అయితే ఇల్లు ఖాళీ చేయించే కోర్టు అమీనా ఎప్పుడు వెళ్ళినా ఇంటికి తాళమే. ఎవరో ముందే కబురు అందిస్తున్నారు.

"ఇగ నేనే పోయి కూసుంటా" అంది అమ్మ. నవారు మంచం రిక్షాలో వేయించుకుని వెళ్ళి, తాళం వేసిన తలుపు ముందు వరండాలో వాల్చింది. నేను బడి నుంచి నేరుగా అన్నం తీసుకెళ్ళేదాన్ని. రెండో రోజు ఆయన భార్య చంకలో పిల్లతో వచ్చింది. అమ్మను దాటుకుని తాళం తీసి లోపలికి పోయి, అంట్లు కడిగిన నీళ్ళు తెచ్చి మంచం కాళ్ళ దగ్గర పోసింది. అమ్మ చీర కుచ్చిళ్ళు తడిశాయి. అయినా అమ్మ కదల్లేదు.

"సిగ్గు లేదూ, ఈ వయసులో!" అంది ఆవిడ.

"నా ఇంట్ల నాకేం సిగ్గు? పోయి నీ మొగణ్ణి పిలువు."

సాయంత్రం ఆయన రాగానే అమ్మ బయటి గేటు గొళ్ళెం వేసి దానికి ఆనుకుని నిలబడింది. నేను ఆటో మీద పోయి అమీనాను తీసుకొచ్చాను. ఆయన అమ్మ వైపు తిరిగాడు.

"వచ్చే నెల మొత్తం కట్టేస్తానండీ, ఒక్క నెల..."

"ఎన్ని నెలలు అడుగుతవయ్యా! నడువు" అంది అమ్మ.

సామాను బండికెక్కుతుంటే ఆవిడ వాకిట్లో నిలబడి మట్టి తీసి విసిరింది. "మా ఉసురు తగిలి నాశనమైపోతారు!"

"తగలనీ" అంది అమ్మ. "తాళంచెవులు గాడ పెట్టు."

లోపలికి వెళ్ళి చూస్తే కుళాయి పీకేశారు, కిటికీ రెక్కలు విరగ్గొట్టారు. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. కోర్టు చెప్పిన డబ్బు నగలు కుదువబెట్టి మరీ కట్టింది. వాళ్ళ బాకీ ఒక్క పైసా కూడా మన మీద ఉండొద్దంది.

వాళ్ళు దూరమేమీ పోలేదు, పక్క గల్లీలోనే అద్దెకు దిగారు. ఏళ్ళ తరబడి మార్కెట్లో ఎదురుపడ్డప్పుడల్లా ఆవిడ మొహం తిప్పుకునేది. అమ్మ నేల మీద ఉమ్మేది. నేను ఎవరికీ సర్దిచెప్పలేదు, చెప్పాలనీ అనిపించలేదు.

అమ్మ పోయిన రోజు ఆవిడ వచ్చి మా గేటు బయట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎందుకొచ్చిందో తెలియదు. నేను చూశాను. లోపలికి రమ్మనలేదు.