అంచు చుట్టిన తూటాలు

మొన్న ఆఫీసులో లామినేషన్ మెషిన్ మరీ వేడెక్కి గదంతా ప్లాస్టిక్ వాసన కొట్టింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం వెర్రిదానిలా అక్కడే నిలబడిపోయాను. ఇక్కడ కెనడాలో, రెజైనా ఊళ్ళో మా పక్కింటి దేవదానం అంకుల్ బేస్‌మెంట్‌లో వచ్చే వాసన అది. ఆయన పోయి మూడేళ్ళయింది.

గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, ఆకులు రాలే రోజుల్లో కౌజు పిట్టల వేట. తూటాలు కొనేవారు కాదు, పేలిన ప్లాస్టిక్ గొట్టాలనే మందూ, సీసపు గుళ్ళూ పోసి మళ్ళీ నింపుకునేవారు. నాలుగైదుసార్లు వాడేసరికి గొట్టం మూతి చీలికలవుతుంది. ఆ చీలిన మేర కత్తిరించేస్తే మూతి మడవడానికి పొడవు చాలదు. అప్పుడు గుళ్ళ మీద చిన్న అట్టబిళ్ళ పెట్టి, గిర్రున తిరిగే పనిముట్టుతో అంచును లోపలికి చుట్టాలి. వేటంటే నాకు గిట్టదు. ఆ చుట్టడం మాత్రం ఎంతసేపైనా చూడబుద్ధేసేది. తుపాకీ లైసెన్స్ తెచ్చుకుని మరీ నేర్చుకున్నాను. మొదటిరోజే హ్యాండిల్ గట్టిగా నొక్కేసి అంచును నలిపేశాను.

"ఏంటమ్మా ఆ తొందర, బస్సేమైనా పోతోందా? రాపిడికి అంచు వేడెక్కనీ. అదే ఒంగుతుంది," అన్నారు.

"బాగానే ఉందిగా అంకుల్."

"బాలేదు. బాలేదని చెప్పకపోతే ఇక నేనెందుకు ఇక్కడ?"

చుట్టిన ప్రతి తూటానూ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. లోపల గుళ్ళు గలగలమన్నాయంటే అంచు సరిగ్గా బిగియలేదన్నమాట. అలాంటిది నాదైనా తనదైనా పక్కన పడేయవలసిందే.

రెండేళ్ళకు ఆయన చేతులు వణకడం మొదలైంది. చెవులూ మందగించాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన టీ పెట్టడానికి పైకి వెళ్ళినప్పుడు, మర్నాటి వేటకని సర్దిన పెట్టెలోంచి ఒక తూటా తీసి ఊపాను. గలగల. ఇంకోటి తీశాను. అదీ అంతే. మొత్తం ఆరు దొరికాయి. చెబితే ఏమైపోతారోనని ఆ ఆరూ తీసేసి, నేను చుట్టినవి వాటి చోట పెట్టేశాను. టీ తాగి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను. పెద్ద ఉపకారం చేశాననుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నానికే వచ్చి తలుపు కొట్టారు. అరచేతిలో ఒక తూటా ఉంది.

"ఇది నీ చేతిదమ్మా. నీ అంచు ఒకవైపు కాస్త దళసరిగా ఉంటుంది."

"మీవాటిలో గుళ్ళు కదులుతున్నాయి అంకుల్. మీరు బాధపడతారని..."

"ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు వాళ్ళ మొహం మీదే చెప్పా. నా తప్పు నాకు చెప్పే మనిషివి నువ్వొక్కదానివే అనుకున్నా. చెప్తే నేనే మానేసేవాణ్ణి కదమ్మా," అన్నారు.

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ నెలలోనే తుపాకీ అమ్మేశారు. తర్వాత రెండు చలికాలాలు బతికారు. ఎప్పుడు కనబడినా ప్రేమగానే పలకరించారు. బేస్‌మెంట్‌లోకి మాత్రం మళ్ళీ రమ్మనలేదు.

ఇప్పుడు ఎవరి పనిలో తప్పు కనిపించినా, వాళ్ళు ఎంత పెద్దవారైనా, పక్కన కూర్చుని చెప్పేస్తాను. నోరు పెద్దదంటారు. అననీ. చెప్పి తీరవలసిన ఒక్క మనిషికి మాత్రం చెప్పకుండా, ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.