మూల కలవని ఫ్రేము

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మాట నా పేరుతో పాటే తిరిగేది. దాని చెయ్యి నిలవదు అని. గ్లాసు జారినా, లాంతరు చిమ్నీ పగిలినా, సూదిలో దారం ఎక్కకపోయినా అదే మాట. అది నాతో పుట్టిన మాటేమీ కాదు. ఒక రోజున పుట్టింది. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో చూసినవాళ్ళం ఇద్దరమే, మా నాన్నగారు, నేను. నాన్నగారు నిరుడు పోయారు. ఇక మిగిలింది నేనొక్కదాన్నే.

నాన్నగారు భీమవరం దగ్గర పల్లెటూరి మిషన్ స్కూల్లో టీచరు. వడ్రంగం ఆయనకి సరదా. వసారా చివర ఒక పని బల్ల, దాని మీద రంపం, చెక్కని నున్నగా గీసే చిత్రిక, ఉలులు, చెక్క మూల సరిగా ఉందో లేదో చూసుకునే మూలమట్టం. తమ్ముడు ఇంకా పాకుతున్న వయసు కాబట్టి ఆ బల్ల దగ్గర చోటు నాది. ఆయన కోస్తుంటే నేను చెక్క కదలకుండా రెండో చివర అదిమి పట్టుకునేదాన్ని. పెద్దయ్యాక కుర్చీలు, బల్లలు చేస్తానంటే ఇంటికొచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. నాన్నగారు మాత్రం నవ్వేవారు కాదు. అందుకే నాకు ఆయనంటే ప్రాణం.

ఆ ఏడు పంటకోత పండుగకి మా గుడికి కొత్త నంబర్ల బోర్డు చేసిస్తానని నాన్నగారు పాస్టరుగారికి మాటిచ్చారు. ఆ ఆదివారం పాడబోయే కీర్తనల నంబర్లు పెట్టే బోర్డు అది. గుడిలో అందరి కళ్ళూ ముందు దాని మీదే పడతాయి. దాని చుట్టూ ఫ్రేముకి టేకు పట్టీలు తెచ్చారు. మూలమట్టం పెట్టి గీతలు గీశారు. ఆయన కోశారు, నేను పట్టుకున్నాను. ఊపిరి కూడా బిగబట్టి పట్టుకున్నాను. తీరా నాలుగు పట్టీలూ కలిపి చూస్తే మూలల దగ్గర వేలిగోరు దూరేంత సందు. మళ్ళీ కోశారు. మళ్ళీ సందే. పట్టీ పొట్టిదవుతోంది, పండుగ దగ్గరపడుతోంది, ఆయన ముఖం ఎర్రబడుతోంది.

"చెయ్యి కదిపేస్తున్నావమ్మాయ్. పో, లోపలికి పో. ఇది ఆడపిల్లలు చేసే పని కాదు."

వంటింట్లోకి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా చేతికి చిక్కుడుకాయలు ఇచ్చింది. నా చెయ్యి కదల్లేదని నాకు తెలుసు. కానీ నాన్నగారు అన్నాక కదిలిందేమోనని అనుమానం మొదలైంది. ఈనెలు తీస్తూ నా వేళ్ళకేసే చూసుకున్నాను.

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. వసారాలో మరిచిపోయిన పలక కోసం వెళ్ళాను. నాన్నగారు బల్ల దగ్గరే ఉన్నారు. నా అడుగుల చప్పుడు ఆయనకి వినపడలేదు. ఒక చెక్క అంచుకి మూలమట్టం ఆనించి పెన్సిలుతో గీత గీశారు. తర్వాత దాన్ని తిరగేసి, రెండో వైపు నుంచి ఆనించి, అదే చుక్క దగ్గర మరో గీత గీశారు. మూలమట్టం సరైనదైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడలేదు. మొదట్లో కలిసి, పైకి పోయేకొద్దీ విడిపోయాయి. వడ్రంగం తెలియని పిల్లకి కూడా అర్థమయ్యేంత విడిపోయాయి. మూలమట్టం ఎప్పుడో కింద పడి వంకరపోయినట్టుంది. ఆయన గీసిన ప్రతి గీతా తప్పే, గీత ప్రకారం కోసిన ప్రతి కోతా తప్పే.

అప్పుడు ఆయన తలెత్తారు. నన్ను చూశారు. నేను ఆ గీతల్ని చూడటం చూశారు. నా మనసు ఒక్కసారి ఎంత తేలికపడిందో! ఇప్పుడు రమ్మంటారు, నీ తప్పు కాదమ్మా అంటారు, మళ్ళీ చెక్క పట్టుకోమంటారు. నాన్నగారు చిత్రిక తీసుకున్నారు. ఆ చెక్క మీద గట్టిగా తోశారు. రెండు గీతలూ చుట్టలు చుట్టుకుని కింద పడ్డాయి.

సందుల్లో రంపప్పొట్టూ జిగురూ కలిపి కూరి, పాలిష్ కొట్టి బోర్డు పండుగ నాటికి గోడకెక్కించారు. దూరం నుంచి బాగానే ఉంది. ఆరాధనయ్యాక సంఘపెద్ద ఒకాయన దగ్గరికెళ్ళి మూల తడిమి, "ఇక్కడ కొంచెం అతుకు పడిందేంటండీ మాస్టారూ?" అన్నారు. వేళాకోళంగానే అన్నారు. నాన్నగారు నా తల మీద చెయ్యి వేసి నవ్వారు. "మా అమ్మాయి పట్టుకుందండీ. దాని చెయ్యి నిలవదు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా తల మీద ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. పదిమందిలో తన పరువు నిలబెట్టుకోవడానికి ఆయనకి నేను పనికొచ్చాను. ఆ తర్వాత కొత్త మూలమట్టం వచ్చింది, పాతది మళ్ళీ కనపడలేదు. బల్ల దగ్గర నా చోటు కూడా నాకు మళ్ళీ రాలేదు. తమ్ముడు ఎదిగాక వాడికిచ్చారు. వాడికి ఆ పని మీద ఆసక్తే లేదు.

నేనూ టీచరునయ్యాను, రిటైరయ్యాను, రాజమండ్రిలో స్థిరపడ్డాను. నాన్నగారి ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడినప్పుడు, ఆయన ఫోటోకి ఫ్రేము కట్టించమని తమ్ముడు ఫోన్ చేశాడు. కట్టించడమెందుకు, నేనే చేస్తానన్నాను. వాడు నవ్వాడు. ఆ ముఖం చుట్టూ నాలుగు మూలలూ నా చేత్తో కలిపి చూపించాలని పంతం పట్టాను. చూడవలసిన మనిషి లేకపోయినా సరే.

చేతి రంపం ముట్టుకునే ధైర్యం లేక మైటర్ సా కొన్నాను. గుండ్రటి బ్లేడు పైనుంచి కిందికి దిగి, మనం పెట్టిన కోణంలో చెక్కని కోసేసే కరెంటు రంపం అది. షాపతను నాకు కాకుండా నన్ను దింపడానికొచ్చిన ఆటో అబ్బాయికి దాని గొప్పలన్నీ చెప్పాడు. చెక్కని క్లాంపుతో బిగించేస్తే ఇక మనిషి చెయ్యి పట్టాల్సిన పనే లేదన్నాడు. నేను కొన్నదే ఆ ఒక్క మాటకి.

నలభై ఐదు డిగ్రీలకి పెట్టి పట్టీలు కోశాను. కలిపి చూస్తే మూలల్లో సందు. మళ్ళీ కోశాను. మళ్ళీ అదే. కలప అడితికి మళ్ళీ వెళ్ళి టేకు పట్టీలు తెచ్చుకున్నాను, వాటినీ పాడుచేశాను. క్లాంపు సరిగా బిగించలేదేమో అనుకున్నాను, హ్యాండిల్ దించేటప్పుడు వణికానేమో అనుకున్నాను. అన్నీ అనుకున్నాను గానీ మెషిన్ని మాత్రం అనుమానించలేదు. చివరికి షాపుకి ఫోన్ చేస్తే అతను, "కొత్త మెషినండీ, సీల్ కూడా మీరే తీశారు కదండీ, దాంట్లో తేడా ఉండదండి. మీ చెయ్యి కదిలిపోతుందేమో చూసుకోండి మేడమ్ గారూ" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు. క్లాంపు బిగించిన చెక్కకి నా చెయ్యితో పనేంటి? ఆ మాత్రం ఆలోచన నాకెందుకు రాలేదు? వసారాలో ఆ మధ్యాహ్నం నేను చూసిందేంటి?

ముందు నేను కొనుక్కున్న మూలమట్టాన్ని నాన్నగారిలాగే తిప్పి గీసి చూశాను. రెండు గీతలూ ఒక్కటయ్యాయి. ప్లగ్గు పీకేసి, కోణం సున్నాకి తెచ్చి, బ్లేడు కిందికి దించి, చెక్కని ఆనించే వెనక ఇనప పట్టీకీ బ్లేడుకీ మధ్య ఆ మూలమట్టాన్ని పెట్టాను. ఆ ఇనప పట్టీ పక్కకి తిరిగి ఉంది. సందులోంచి కిటికీ వెలుతురు కనిపిస్తోంది. ఫ్యాక్టరీలో బిగించినప్పుడే అలా బిగించి పంపారన్నమాట. డబ్బాలో వచ్చిన పానాతో బోల్టులు వదులు చేసి, వెలుతురు ఆగేదాకా జరిపి, బిగించాను. కోణం మళ్ళీ నలభై ఐదుకి తెచ్చి, కొత్త పట్టీలు కోసి కలిపాను. నాలుగు మూలలూ అంటుకున్నాయి. కాగితం కూడా దూరలేదు. సంతోషం రావాలి కదా, రాలేదు. అక్కడే రంపప్పొట్టులో కూర్చుని ఏడ్చాను.

కూడికకి వచ్చినవాళ్ళంతా ఫ్రేము మెచ్చుకున్నారు. తమ్ముడైతే, "అచ్చం నాన్నగారి పనితనమే అక్కా" అన్నాడు. ఇక ఆపుకోలేక వాణ్ణి పక్కకి పిలిచి, ఆ బోర్డు సంగతి, ఆ రెండు గీతల సంగతి అంతా చెప్పాను. ఆ రోజు కదిలింది నా చెయ్యి కాదురా అన్నాను. వాడు ఫోటోకేసి చూసి, "పోయినాయన గురించి ఇప్పుడెందుకక్కా అవన్నీ" అని, భోజనాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పనిముట్టుని ఎలా పరీక్షించాలో నాకు నేర్పింది మా నాన్నగారే. నేర్పాలని నేర్పలేదు, అంతే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల లెక్క తప్పితే ముందు నేను బోర్డు మీద వేసింది సరిచూసుకునేదాన్ని. అది ఆయన చలవే, కాదనను. కానీ ఆ రోజు నుంచి నాతో వచ్చింది అదొక్కటే కాదు. తలుపేసుకుని ఒక్కదాన్నే పని చేసుకుంటున్నప్పుడు నా చెయ్యి చక్కగా నిలుస్తుంది. వెనక ఎవరైనా వచ్చి నిలబడి చూశారా, ఈ వయసులో కూడా, నిజంగానే వణుకుతుంది.