పాస్‌వర్డ్ మంత్రాలయం వెళ్లిన రోజు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నిజంగా బాగా వచ్చిన పని భయపడడం ఒక్కటే. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి నుంచి రోజూ బస్సెక్కి ఆదోనిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణానికి వెళ్లేదాన్ని. వ్యాపారుల కంప్యూటర్లలో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించి రావడం మా పని. బస్సు ఆలస్యమైతే భయం. తొందరగా చేరితే (తాళం తీయని దుకాణం ముందు ఒంటరిగా నిలబడాలి కదా) అదీ భయమే. అలాంటి నన్ను మా ఓనరు మంచి పత్తి సీజన్‌లో ఒక జిన్నింగ్ మిల్లుకు ఒక్కదాన్నే పంపాడు. "చిన్న పనేనమ్మా, టీ తాగే లోపల అయిపోతుంది" అన్నాడు.

ఆ మిల్లు యజమానులు బెంగళూరులో ఉంటారు. అక్కడి సిస్టమ్ సార్ అనుమతి లేకుండా ఇక్కడి కంప్యూటర్‌లో తెర మీద బొమ్మ కూడా మార్చలేం. పాత సాఫ్ట్‌వేర్ గడువు తీరి ఆ ఉదయమే ఆగిపోయింది. కొత్తది ఎక్కించబోతే పాస్‌వర్డ్ కావాలంటూ తెర మీద ఒక పెట్టె వచ్చి కూర్చుంది. మూసేస్తే మళ్లీ వస్తుంది. వారం రోజులుగా ఆ సార్‌తో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం అడిగినా కన్నడంలో "స్వల్ప తాళమ్మా" అనేవాడు, కొంచెం ఆగమని. ఆ రోజు ఆయన ఫోనే ఆగిపోయి ఉంది. ఆఫీసుకు చేస్తే, సెలవు పెట్టి మంత్రాలయం వెళ్లాడనీ, పాస్‌వర్డ్ ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదనీ చెప్పారు.

మిల్లు మేనేజర్ కిటికీలోంచి గేటు వైపు చూశాడు. పత్తి బేళ్లు నింపిన లారీలు అక్కడ నిలబడి ఉన్నాయి. బిల్లు లేనిదే ఒక్కటీ కదలదు. "మంత్రాలయమే గదా పాపా, యాడనో కాశీకి పోయినట్ల సెప్తాండావే! బస్సెక్కి పోయి పిల్సకరా పో" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు గానీ, నాకు మాత్రం ఉద్యోగం ఊడబోతోందని ముందే చెప్పినట్టు వినిపించింది.

బస్సు ఎమ్మిగనూరు స్టాండులో ఆగింది. కిటికీ కింద నూలు మూట భుజాన వేసుకుని మా నాయన! తల దించుకున్నాను. అప్పటికే చూశాడు.

"ఏం పాపా, ఈ టయానికి యాడికి పోతాండావు? పని ఊడిందా?"

"లే నాయనా. ఆఫీసు పని మీద మంత్రాలయం పోతాండా."

"ఆఫీసు పని మంత్రాలయంలో ఏముంటాది?"

జవాబు ఆలోచించే లోపల బస్సు కదిలింది. పోయే బస్సును చూస్తూ మూట దించకుండా అలాగే నిలబడిపోయాడు పాపం.

మంత్రాలయంలో దిగాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. నేను ఆ సార్‌ను ఎప్పుడూ చూడలేదు. గొంతే తెలుసు. సరే, ఆ గొంతునే వెతుకుదామని బయలుదేరాను. మఠం ముందు మగవాళ్లంతా చొక్కా లేకుండా పంచెలతో ఉన్నారు. సగం మంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లే. పూల దుకాణం దగ్గర "స్వల్ప తాళమ్మా" వినిపించి పరుగెత్తాను, కాదు. నది మెట్ల దగ్గర ఇంకొకరు అదే మాట అన్నారు, ఆయనా కాదు. (ఊరు ఊరంతా నన్ను కొంచెం ఆగమంటోంది!) చివరికి దర్శనం వరుస దగ్గర నిలబడి, ఏడుపు గొంతుతో, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. "ఆదోని మిల్లు పాస్‌వర్డ్ సార్ ఎవరండీ?"

వరుసంతా తిరిగి చూసింది. మధ్యలోంచి తడి పంచెతో ఒక లావుపాటి మనిషి కంగారుగా చెయ్యెత్తాడు. "పాస్‌వర్డ్ అని ఇలా బజార్లో అరుస్తారేనమ్మా!"

పాస్‌వర్డ్ నోటితో చెప్పనన్నాడు, కాగితం మీద రాయనన్నాడు. తానే వచ్చి టైపు కొడతానన్నాడు, అదీ దర్శనం అయ్యాకే. నన్నూ వరుసలో నిలబెట్టాడు. స్వామి ముందు చేతులు జోడించి నేను కోరుకున్నది ఒక్కటే: ఎక్కించేటప్పుడు కరెంటు పోకూడదు.

మిల్లుకు చేరగానే ఆయన కుర్చీలో కూర్చుని "అందరూ అటు తిరగండి" అన్నాడు. నేను తిరిగాను. హమాలీలు తిరిగారు. మేనేజర్ కూడా గోడకేసి తిరిగి, "నా మిల్లులో నన్నే గోడకు నిలబెట్టినాడు గదప్పా" అని గొణిగాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి తెర మీద సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నట్టు చూపే పచ్చగీత మొదలైంది. సగం దాకా పోయి ఆగింది. పైన ఫ్యాను నెమ్మదించింది. ఫ్యాను మళ్లీ వేగం అందుకుంది, గీత కదిలింది. మొదటి బిల్లు ప్రింటరులోంచి బయటికి వస్తుంటే మేనేజర్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. గేటు దగ్గర లారీ స్టార్టు చేసిన చప్పుడు వినిపించాకే నేను బ్యాగు భుజాన వేసుకున్నాను.

తరువాత ఎన్నో మిల్లులు తిరిగాను, ఎన్నో పెట్టెలు నన్ను పాస్‌వర్డ్ అడిగాయి. ఇప్పుడు నాకంత భయం లేదు. ఒక్కోసారి ఆదోని దారిలో వెళ్తుంటే, ఆ రోజు మంత్రాలయం బస్సులో బ్యాగును రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చున్న ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. ఏమీ కాదు పాపా, కిటికీలోంచి బయటికి చూడు, పత్తి చేలు ఎంత తెల్లగా విచ్చాయో అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. "నీకేం తెలుసక్కా, ఆడ లారీలు నిలబడినాయి" అంటుంది.